కోతుల ఇంటికి రెండో తలుపు

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, కింద కూర్చున్న అసలైన పెద్దలకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాదే గానీ, చెప్పుకుంటూ పోతే వెనక ఫిల్టర్ కాఫీ చల్లారిపోతుంది. కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం 'చెన్నపట్నంలో తెలుగువాళ్ళ జ్ఞాపకాలు'. టైము ఇరవై నిమిషాలు. జ్ఞాపకాలకేం కొదవలేదు గానీ, నావన్నీ ఎటు తిరిగినా ఒక తలుపు దగ్గరికే వచ్చి ఆగుతాయి. ఆ తలుపు సంగతి చెప్పుకోవడానికే ఇవాళ ఒప్పుకున్నాను. ముందే చెబితే కార్యదర్శిగారు వద్దంటారేమోనని చెప్పలేదు. క్షమించాలి.

నేను కవినీ పండితుణ్ణీ కాదు, డ్రాఫ్ట్స్‌మన్‌ని. ముప్ఫై నాలుగేళ్ళు డ్రాయింగ్ బోర్డు ముందు నిలబడి నడుము పోగొట్టుకున్నాను. ఇళ్ళు గీశాను, గోడౌన్లు గీశాను, కళ్యాణ మండపాలు గీశాను. ఒకే ఒక్కసారి కోతులకు ఇల్లు గీశాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు చూడండి, నేను కోతికోసం మొదలుపెట్టి కోతికి పనికిరానిది చేశాను.

మాది కొండితోపు. ఆదివారం వస్తే నాన్నగారు మమ్మల్ని నడిపించుకుంటూ మూర్ మార్కెట్‌కి తీసుకెళ్ళేవారు. పాత పుస్తకాలు బేరమాడటం ఆయన పని, పక్కనే పీపుల్స్ పార్కులో జూ చూడటం మా పని. ఇక్కడున్న పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఎగ్మూరు మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ, జూని బతికిన కాలేజీ అనీ అనేవాళ్ళం. తమిళులకు సెత్త కాలేజీ, ఉయిర్ కాలేజీ. తమాషా ఏమిటంటే ఈ రెండో కాలేజీ పుట్టింది మొదటిదాని ఆవరణలోనే. 1855లో మ్యూజియం చూసుకుంటున్న ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే దొర, మ్యూజియంలో బతికున్న జంతువులను పెడితే జనం ఎగబడి వస్తారని కనిపెట్టి, ఆర్కాటు నవాబుగారి జంతువులను అడిగి తెచ్చుకున్నాడు. తర్వాత 1860ల్లో అవి పీపుల్స్ పార్కుకి మారాయి.

అక్కడ కోతుల బోను దగ్గర నేను చేసిన వెధవ పని ఒకటి చెప్పేస్తాను. సెనక్కాయల పొట్లంలో గులకరాయి చుట్టి ఇచ్చాను. ఆ కోతి పొట్లం జాగ్రత్తగా విప్పింది. రాయిని వాసన చూసింది. నావైపు చూసింది. పారేయలేదండీ, రాయిని మళ్ళీ కాగితంలో పెట్టి కింద ఉంచింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, పడీపడీ నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

సరే. 1985లో ఆ జూ వండలూరుకి పోయింది, అదే ఏడాది మూర్ మార్కెట్ తగలబడిపోయింది. మా నాన్నగారి ఆదివారాలు ఆ ఏడాదితో సరి. వండలూరులో బోన్లు పోయి కందకాలు వచ్చాయి. జంతువు అవతల, మనం ఇవతల, మధ్యలో గొయ్యి. గొయ్యి కంటికి కనపడదు గనుక అడవిలో నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. జర్మనీలో హాగెన్‌బెక్ అనే ఆయన 1907లో హాంబర్గ్ దగ్గర ఇలా కట్టిన జూ తెరిచాడు. దాన్ని చూసి ప్రపంచమంతా నేర్చుకుంది. బాగుంటుంది. ఎవరికి బాగుంటుంది అన్నదే నా పేచీ.

ఇప్పుడు నా సంగతి. ఇరవై ఏళ్ళ పైమాట. ఏ జూ అని అడక్కండి, వండలూరు మాత్రం కాదు. దక్షిణాదిలో ఒకటనుకోండి. మా ఆఫీసుకి పని వచ్చింది. సింహపు తోక కోతులకు కొత్త ఎన్‌క్లోజర్. కన్నడంలో సింగళీక అంటారు. నల్లటి ఒళ్ళు, మొహం చుట్టూ వెండిరంగు జూలు, తోక చివర సింహానికున్నట్టు చిన్న కుచ్చు. పశ్చిమ కనుమల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. 1970ల్లో కేరళ సైలెంట్ వ్యాలీలో జలవిద్యుత్ డ్యామ్ వద్దని పెద్ద గొడవ జరిగింది కదా, అందులో అందరి నోటా నలిగింది ఈ కోతి పేరే. డ్యామ్ ఆగింది, 1984లో ఆ అడవి నేషనల్ పార్క్ అయింది. నేల మీదికి దిగడం దీనికి ఇష్టం ఉండదు. పుట్టుక, తిండి, నిద్ర, తగాదా, సంసారం అన్నీ చెట్ల మీదే.

నేను ఒళ్ళు దగ్గరపెట్టుకునే పని చేశానండీ, అది మాత్రం చెప్పుకుంటాను. చింపాంజీకి ఈత రాదు, నీళ్ళ కందకం సరిపోతుంది. మకాక్ అనే ఈ కోతుల జాతికి ఈత వచ్చు, నీళ్ళు పెడితే ఈది వచ్చేస్తాయి. అందుకని పొడి గొయ్యి, వేళ్ళు ఆనకుండా నున్నటి గోడ, పైన పవర్ ఫెన్స్, అంటే షాక్ కొట్టే కరెంటు కంచె. ఏ కొమ్మైనా గోడకి గెంతేంత దగ్గరగా ఉందా అని టేపుతో కొలిచాను. ఫైర్ సర్వీసు వాళ్ళు పారేసే పాత గొట్టాలున్నాయే, అవి తెచ్చి జడలా అల్లించి ఉయ్యాలలు కట్టించాను. ఎండకీ వానకీ చీకిపోవు, పళ్ళకీ తెగవు. 1992లో ఢిల్లీలో సెంట్రల్ జూ అథారిటీ వచ్చాక ఇలాంటివాటికి వాళ్ళ అనుమతి కావాలి. డ్రాయింగులు మూడుసార్లు పోయి వచ్చాయి. ఫెన్స్ ఎత్తుకీ, కందకం వెడల్పుకీ నన్ను నానా ప్రశ్నలూ అడిగారు. తలుపు గురించి మాత్రం ఎవరూ అడగలేదు.

ఒకాయన అడిగాడు.

అక్కడ కోతులు చూసుకునే కీపర్. తిరుత్తణి పక్క మనిషి. ఇంట్లో తెలుగు, బయట తమిళం, కోతులతో ఏం మాట్లాడేవాడో ఆయనకే తెలియాలి. పునాది తవ్వుతున్న రోజుల్లో ఒక పొద్దున నా పక్కన గొంతుక్కూర్చుని డ్రాయింగ్ చూశాడు. వెనక నైట్ హౌస్, అంటే రాత్రి పడుకునే గదులు. ముందు విశాలమైన ఆట స్థలం. మధ్యలో తలుపు. అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు, లోపలి నడవాలో నిలబడి తీగ లాగితే పైకి లేస్తుంది. "సారూ, వాకిలి ఒకటేనా?" అన్నాడు. పదకొండు కోతులకి ఒకటి చాలదా పెద్దాయనా అన్నాను. ఇటుక ముక్క తీసుకుని నేల మీద గీత గీశాడు. గీత మధ్యలో ఒక సున్నా.

"అత్త వాకిట్లో పీటేసుకుని కూసుంటే, కోడలు యాడికి పోవాల సారూ?"

నవ్వానండీ! మళ్ళీ నవ్వాను. తొమ్మిదేళ్ళప్పుడూ నవ్వాను, నలభై దాటాకా నవ్వాను. నేనన్న మాట ఇది, యథాతథంగా చెబుతున్నాను: "ఎదురుగా రాతి గోడ వస్తుంది, దానికి రెండో కన్నం పెడితే చూడ్డానికి బాగోదు."

చూడ్డానికి బాగోదట. ఎవరు చూడ్డానికి?

ఇక్కడ లండన్ కథ ఒకటి చెప్పాలి. నేను చాలా ఆలస్యంగా చదివాను. 1925లో లండన్ జూలో మంకీ హిల్ అని సిమెంటు కొండ ఒకటి కట్టారు. దాదాపు వంద హమద్రియాస్ బబూన్లను, అంటే కుక్కమూతి పెద్ద కోతులను, తెచ్చి వదిలారు. అన్నీ మగవే ఉండాలని ఏర్పాటు, పొరపాటున ఆరు ఆడవి వచ్చాయి. అడవిలో వాటి పద్ధతి ఒక మగ, దాని వెంట కొన్ని ఆడవి. ఇక్కడ లెక్క తలకిందులైంది. ఆ ఆరింటికోసం కొట్టుకు చచ్చాయి. సర్దుబాటు చేద్దామని 1927లో ఇంకో ముప్ఫై ఆడవాటిని దింపారు. ఆ ముప్ఫైలో సగం నెల తిరక్కుండానే పోయాయి. జనం మాత్రం కంచె చుట్టూ కిటకిటలాడుతూ చూశారు. నిర్మాణం పరంగా ఆ కొండకి వంక పెట్టలేం. సంసారం సంగతే ఎవరూ ఆలోచించలేదు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. కాగితం మీద మూడు అంశాలు రాసుకొచ్చానండీ, మొదటిదే అవలేదు. మిగతా రెండూ వదిలేస్తాను.

ప్రారంభోత్సవం. కోతులకు కొత్త చోటు అలవాటవడానికి జనం లేకుండా పదిహేను రోజులు కావాలన్నాడు కీపర్. రోజూ తలుపు ఎత్తి ఉంచాలి, వాటంతట అవి వచ్చి చూసుకుని వెనక్కి పోవాలి, తిండి లోపలే పెట్టాలి. ముఖ్య అతిథిగారి తేదీ కుదిరింది, కీపర్‌కి దొరికింది మూడు రోజులు. షామియానా వేశారు. నాదస్వరం కూడా కాదు, బ్యాండు మేళం. పాలరాతి ఫలకం మీద తొమ్మిది పేర్లు, కాంట్రాక్టరుతో సహా. నా పేరు లేదు, దానికి నాకేం బాధ లేదు. కీపర్ పేరు కూడా లేదు. దానికి మాత్రం ఇవాళ్టికీ కడుపు మండుతుంది.

పొద్దున తిండి పెట్టొద్దని ఎవరో పైనుంచి చెప్పారు, ఆకలేస్తే బయటికొస్తాయని. పదిన్నరకి రిబ్బన్ కట్ చేశారు. తలుపు లేచింది. పెద్ద మగది బయటికి వచ్చింది, అటూ ఇటూ చూసింది, గడప మీదే కూర్చుంది. పీటేసుకున్నట్టు. బయట అరటి గెలలు వేలాడుతున్నాయి. వెనక చీకట్లో పది కోతులు, పది ఆకళ్ళు. జూలు చూసి అందరూ ఆహా అన్నారు, చప్పట్లు కొట్టారు. అప్పుడే బ్యాండు వాళ్ళు డ్రమ్ము కొట్టారు. మగది బెదిరి వెనక్కి దూకింది. గడప వెనక ఇరుక్కున్న పిల్లమగది ఒకటి పక్కకి తప్పుకోలేకపోయింది. తప్పుకోవడానికి పక్క ఎక్కడుంది? నేను గీయలేదుగా.

ఇవతలికి ఏమీ కనపడలేదు. రాతి గోడ, జలపాతం. "బ్రహ్మాండం" అని ముఖ్య అతిథిగారు నా చెయ్యి పట్టుకుని ఊపారు.

సాయంత్రం కొలతల పుస్తకం మర్చిపోయానని వెనక నడవాలోకి వెళ్ళాను. కీపర్ కింద కూర్చున్నాడు. జాలీ అవతల ఆ పిల్లమగది కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో దాన్ని పట్టుకుని ఉంది. ఉంగరపు వేలు సగం వేలాడుతోంది. నేల మీద రక్తం ఎక్కువేం లేదు. బుగ్గ సంచిలో మాత్రం ఎప్పటిదో తిండి కొంచెం ఉబ్బెత్తుగా ఉంది, మింగలేదు. కీపర్ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో. డాక్టరుగారు కుట్లు వేశారు. కోతిపుండు బ్రహ్మరాక్షసి అని చిన్నప్పటినుంచీ వింటున్నాం, నేను కళ్ళారా చూశాను. కుట్టు వేసిన కొద్దీ పీక్కుంది. చివరికి ఆ వేలు తీసేశారు.

రెండో తలుపుకి ఎస్టిమేట్ వేసి పంపాను. వెనక్కి వచ్చింది. 'మొదటి డ్రాయింగులో ఎందుకు లేదు?' అని ఆడిట్ వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే! జవాబు రాశాను. ఫైలు కదలలేదు. మళ్ళీ రాశాను. పదకొండు నెలలు పట్టింది, రెండడుగుల కన్నానికి. ఆ పదకొండు నెలలూ కీపర్ తిండి ఐదు చోట్ల విడివిడిగా పెట్టి, మగదాన్ని వేరే గదిలోకి మరిపించి, పొద్దునా సాయంత్రం మిగతావాటిని ఒక్కొక్కటిగా దాటించాడు. దానికి ఏ పద్దులోనూ లెక్క లేదు.

ఆయన పేరు చెప్పమని మీరు అడుగుతారు. ఆయన పోయారు. వాళ్ళబ్బాయి అదే డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాడు, "మీటింగుల్లో నాన్న పేరు ఎత్తొద్దు మామయ్యా, నాకు లేనిపోని టెన్షన్" అన్నాడు. కాబట్టి ఇక్కడ కూడా ఆయన పేరు లేదు.

అమ్మా, ముందు వరసలో ఉన్న తల్లులూ, మీ పిల్లల్లో ఆర్కిటెక్టులు, ఇంజనీర్లు ఉంటే ఒక మాట చెప్పండి. గీత గీసే ముందు ఒక్క పొద్దున ఆ గది ఊడ్చే మనిషి పక్కన నిలబడమనండి. ఇంకొకటి, జూకి మనవళ్ళను తీసుకెళ్ళినప్పుడు కోతి కళ్ళల్లోకి గుచ్చి చూడనివ్వకండి, వాటి భాషలో అది బెదిరింపు. పళ్ళికిలించడం ఈ జాతిలో నవ్వు కాదు, భయం. జలుబూ దగ్గూ ఉంటే ఇంట్లోనే ఉండండి. మన క్షయ వాటికి అంటుకుంటుంది. 2021 జూన్‌లో వండలూరు సింహాలకు కోవిడ్ వచ్చి రెండు చనిపోయాయి, పేపర్లో చదివే ఉంటారు. సెనక్కాయలు మీరే తినండి.

చీటీ వచ్చింది. 'ముగించగలరు' అని మర్యాదగా రాశారు. రెండే నిమిషాలు.

మొన్న సంక్రాంతి తర్వాత ఆ ఊరు వెళ్ళాను. ఎవరినో పట్టుకుని వెనక నడవాలోకి వెళ్ళి, రెండు తలుపులూ టార్చి వేసి చూశాను. నేను గీసిన తలుపు గడప మీద పచ్చ పెయింట్ ఇంకా చాలామటుకు అలాగే ఉంది. అక్కడ కూర్చునేది ఒక్కటే కదా. ఆయన అడిగిన తలుపు గడపకి పెయింట్ ఆనవాలే లేదు. చేతులూ కాళ్ళూ రాసుకుని రాసుకుని ఇనుము నున్నగా అరిగి, పాత ఇళ్ళల్లో రోకలి మధ్యభాగంలా మెరుస్తోంది. ఫొటో తీశాను, ఫోన్‌లో ఉంది. కాఫీ దగ్గర చూపిస్తాను, రండి.