అణుయుగపు నవలతో పాటు చదవవలసినవి

శ్రోతలకు నమస్కారం.

పదిమంది కలిసి నవల చదివి మాట్లాడుకునే బృందాలు తొలి అణుబాంబు కాలపు కథను ఎంచుకుంటే, నవల ఒక్కటే చాలదని నా నమ్మకం. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌నే తీసుకుందాం. 1942లో టెన్నెసీ రాష్ట్రంలో సుమారు మూడు వేల మందిని పొలాల నుంచి ఖాళీ చేయించి, అసలు కారణం చెప్పకుండానే సైన్యం కట్టించిన పట్టణం అది. 1945 నాటికి జనాభా 75 వేలు. అయినా పటాల్లో దాని పేరు లేదు.

ముందుగా ఒక ఫొటో సంపాదించండి. ఆ పట్టణంలో ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ ఎడ్ వెస్ట్‌కాట్ తీసినది. ఎత్తయిన స్టూళ్ల మీద వరుసగా కూర్చున్న అమ్మాయిలు ఎదురుగా ఉన్న మీటర్లను చూస్తుంటారు. చాలామంది అప్పుడే హైస్కూలు ముగించిన పల్లెటూరి పిల్లలు. ముల్లు పక్కకు జరిగితే మీట తిప్పి సరిచేయాలి. వారికి నేర్పింది అంతే. తమ చేతుల మీదుగా వేరుపడినది బాంబుకు కావలసిన యురేనియం అని వారికి తెలిసింది 1945 ఆగస్టు 6న, హిరోషిమా వార్త విన్నాకే.

"ముందే తెలిసి ఉంటే ఆ పని మానేసేవారా?" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఫలితం తెలిసిన మనకు ఆ జవాబు మరీ సులువు. దానికి బదులు, వారికి తెలియనక్కర్లేదని నిర్ణయించింది ఎవరు, ఆ పద్ధతి ఎంతవరకు పోయింది అని అడగండి.

ఎంతవరకు పోయిందో ఎబ్ కేడ్ ఉదంతం చెబుతుంది. ఆయన ఓక్ రిడ్జ్‌లో పనిచేసిన నల్లజాతి నిర్మాణ కార్మికుడు. కారు ప్రమాదంలో ఎముకలు విరిగి ఆస్పత్రిలో చేరితే, 1945 ఏప్రిల్‌లో ఆయన సమ్మతి లేకుండా ఒంట్లోకి ప్లుటోనియం అనే రేడియోధార్మిక లోహం ఎక్కించారు. అధ్యక్షుడు క్లింటన్ నియమించిన సంఘం 1995లో ఇచ్చిన నివేదికలో ఇలాంటి ప్రయోగాల వివరాలున్నాయి. చదవడం కష్టమే, అయినా వదలకండి. ఆ పట్టణంలో నల్లజాతి భార్యాభర్తలను విడదీసి వేర్వేరు గుడిసెల్లో ఉంచారన్న సంగతి కూడా మీ నవలలో ఉందో లేదో చూడండి.

చివరి సమావేశం హిరోషిమా బాధితుల మాటలకు కేటాయించండి. యుద్ధం ముగిశాక జపాన్‌ను ఆక్రమించిన అమెరికా సైన్యం పెట్టిన సెన్సారు వల్ల వారు రాసినది చాలాకాలం స్వేచ్ఛగా అచ్చుకాలేదు. అందుకే ఆ సాక్ష్యాలను మౌనంగా చదువుకుని రాకుండా, ఒక్కొక్కరు ఒక్కొక్కటి పైకి చదవండి. తొందరపడకండి, చర్చ మరో రోజుకు వాయిదా పడినా పరవాలేదు.