మన ఇంటి కథకు కారణాలు వెతికే చదువు

(మహబూబ్‌నగర్‌లో బీఏ మొదటి సంవత్సరం విద్యార్థుల పరిచయ సమావేశంలో ఒక సోషియాలజీ అధ్యాపకురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మక్తల్ నుంచి, కోస్గి నుంచి, అచ్చంపేట నుంచి, కొందరు దేవరకొండ వైపు నుంచి కూడా వచ్చి ఈ గ్రూపులో చేరారు. డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు సోషియాలజీ కావాలని ఎంచుకున్నవాళ్లు కొందరున్నారు. పొలిటికల్ సైన్స్ కోసమో హిస్టరీ కోసమో చేరితే దాంతోపాటు ఇదీ వచ్చినవాళ్లు ఇంకా ఎక్కువ. అందులో తప్పేం లేదు. మీలో చాలామందికి ఈ సబ్జెక్టు డిగ్రీలోనే మొదటిసారి ఎదురవుతోంది కాబట్టి, ఈ ఏడాది మనం ఏం చేయబోతున్నామో ఇవాళే చెప్పుకుందాం.

మొదటి కొన్ని వారాలు కాస్త పొడిగా గడుస్తాయి. సమాజం, సముదాయం, సమూహం, సంస్థ, అంతస్తు, పాత్ర, ప్రమాణాలు, విలువలు... అన్నీ నిర్వచనాలే. ఫ్రాన్స్‌లో ఆగస్ట్ కామ్టే ఈ శాస్త్రానికి పేరు పెట్టాడని, తర్వాత డర్క్‌హైమ్, వెబర్, మార్క్స్ ఏమన్నారో చదువుతాం. ఇది తప్పించుకోలేని భాగం. ఇక్కడే విసుగొచ్చి క్లాసు మానేసేవాళ్లను ఏటా చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి. అసలు రుచి ఆ తర్వాతే మొదలవుతుంది.

కెమిస్ట్రీ క్లాసులో లేచి 'ఇది నాకు తెలిసిందే' అని ఎవరూ అనరు. మన క్లాసులో మాత్రం అందరూ అంటారు. కుటుంబం, పెళ్లి, కులం, ఊరు, పండుగ, ఇవన్నీ పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే కదా, వీటిలో చదవడానికేముంది అనిపిస్తుంది. ఈ సబ్జెక్టులోని కష్టమంతా ఈ 'తెలిసిందే' అన్న మాటలోనే ఉంది.

ఒక ప్రశ్న అడుగుతాను. ఆడపిల్లలు చెప్పండి, మేనమామ కొడుకును పెళ్లి చేసుకోవచ్చా? మన దగ్గర చాలా ఇళ్లలో చేసుకోవచ్చంటారు. ఒకప్పుడైతే, మేనరికం ఉండగా బయటి సంబంధం చూస్తే అలిగి మాటలు మానుకున్న బంధువులు ఉన్నారు. మరి చిన్నమ్మ కొడుకునో? ఆ మాట అడిగితేనే మీ ముఖాలు ఎలా మారాయో చూడండి. అతను మీకు అన్నో తమ్ముడో అవుతాడు. ఇప్పుడు ఆలోచించండి. మేనమామ అమ్మకు తోడబుట్టినవాడు, చిన్నమ్మ కూడా అమ్మకు తోడబుట్టినదే. రక్తం లెక్కన వాళ్ల పిల్లలు మీకు ఒకే దూరంలో ఉన్నారు. అయినా ఒకరు వరసైనవారు, ఇంకొకరు వరస కానివారు. ఈ నియమం ఏ పుస్తకంలో చదివి నేర్చుకున్నారు? ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మాటలు వచ్చే వయసులోనే 'బావ అను', 'అన్న అను' అని పిలిపిస్తూ నేర్పేశారు. ఇప్పుడది నియమంలా కూడా అనిపించదు, సహజం అనిపిస్తుంది.

ఇరావతి కర్వే అనే గొప్ప పరిశోధకురాలు 1953లో భారతదేశంలోని బంధుత్వ వ్యవస్థల మీద ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. ఉత్తరాదికీ దక్షిణాదికీ ఈ విషయంలో ఎంత తేడా ఉందో అందులో వివరించారు. ఉత్తరాదిలో చాలా కులాల్లో మేనరికం మాటే ఎత్తరు, ఒకే ఊళ్లో పిల్లను ఇచ్చి పుచ్చుకోవడం కూడా ఉండదు. కోడలికి ఆ ఊరూ ఆ ఇల్లూ ఆ మనుషులూ అన్నీ కొత్తే. మేనత్త కొడుకును చేసుకున్న మన అమ్మాయికి అత్తగారు చిన్నప్పటి నుంచి ఎత్తుకుని ఆడించిన మనిషి. ఈ తేడా ఆ ఇంట్లో కోడలి మాటకు ఎంత బలం ఇస్తుందో, కట్నం మీద, భూమి పంపకం మీద ఏం ప్రభావం చూపుతుందో తరచి చూడటమే మన పని. అంత దూరం పోనక్కర లేదు, పక్క బెంచీలో ఉన్న ముస్లిం స్నేహితులను అడగండి. వాళ్లలో ఖాలా, అంటే చిన్నమ్మ, పెద్దమ్మ పిల్లలను కూడా చేసుకోవచ్చు. ఒకే ఊరు, ఒకే బజారు, నియమాలు మాత్రం రెండు. దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో పుట్టే పిల్లలకు కొన్ని జన్యు వ్యాధుల ముప్పు పెరుగుతుందని డాక్టర్లు చెబుతారు, అది నిజమే. ఆ సంగతి తెలిసిన ఇళ్లలో కూడా మేనరికాలు ఎందుకు కొనసాగాయో చెప్పాల్సింది మాత్రం సమాజశాస్త్రం.

పెళ్లి దగ్గరికొచ్చాక కులాన్ని దాటేసి పోలేం. 1916 మే నెలలో, పాతికేళ్ల వయసులో, అంబేద్కర్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కులం పుట్టుక మీద ఒక పత్రం చదివారు. కులాన్ని నిలబెట్టే అసలు సూత్రం అంతర్వివాహం, అంటే తమ కులంలోనే పెళ్లి చేసుకోవడం అని అందులో వాదించారు. ఆడవాళ్ల మీద పెట్టిన ఆంక్షలు కూడా ఆ కులం గీతను కాపాడటానికి వచ్చినవే అని చూపించారు. వందేళ్లు దాటిన ఆ పత్రాన్ని మన ప్రాంతంలో పరువు పేరిట జరిగిన హత్యల వార్తల పక్కన పెట్టి చదవండి, పాతబడిందని ఎవరూ అనలేరు.

కులం గురించి క్లాసులో మాట్లాడటం ఇబ్బందిగానే ఉంటుంది. కొందరికి కోపం వస్తుంది, కొందరికి సిగ్గు, కొందరికి పాత గాయం. అందుకే నా క్లాసులో ఒక నియమం ఉంది: ఎవరినీ నీది ఏ కులమని అడగకూడదు, ఎవరి కులాన్నీ తక్కువ చేసి మాట్లాడకూడదు. తమంతట తాము చెప్పుకుంటే శ్రద్ధగా వినాలి. చెప్పింది నచ్చకపోతే ఆధారం అడగాలి తప్ప మనిషి మీదికి పోకూడదు. ఈ ఒక్క విషయంలో నేను చాలా కఠినంగా ఉంటాను.

ఇక మన పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ ప్రాంతం సంగతి. ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎంతమంది ఇళ్ల నుంచి బొంబాయికో పుణెకో వలస పోయారో చేతులెత్తమని నేను అడగను. మన తాతల కాలం నుంచీ దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా అక్కడ 'పాలమూరు లేబర్' ఉంది. గుంపు మేస్త్రీ ఊళ్లోకొచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు పెళ్లికో వైద్యానికో పాత అప్పుకో పోతుంది. ఆ తర్వాత ఆ కుటుంబం నెలల తరబడి పనిచేసి ఆ బాకీ తీర్చాలి. ముసలివాళ్లు ఊళ్లో, పిల్లలు బడి మానేసి పని స్థలంలో. ఎందుకిలా అని అడిగితే మన నాయనమ్మలు 'మా రాత' అన్నారు.

అమెరికాలో సి. రైట్ మిల్స్ అనే సమాజశాస్త్రవేత్త 1959లో దీన్ని వేరే ఉదాహరణతో చెప్పాడు. లక్షమంది ఉన్న నగరంలో ఒక్కడికే పని దొరకలేదంటే అతని నైపుణ్యం ఏమిటి, అలవాట్లు ఏమిటి అని చూడొచ్చు. కోట్లమంది పనిచేసే దేశంలో లక్షల మందికి పని లేదంటే తప్పు ఆ మనుషుల్లో వెతకకూడదు, ఆ వ్యవస్థలో వెతకాలి. మన ఊళ్లకు ఈ మాట పెట్టి చూడండి. ఒక ఇల్లు వలస పోయిందంటే ఆ ఇంటి కష్టం కావచ్చు. తండాకు తండా, వాడకు వాడ, తరం తర్వాత తరం పోతున్నదంటే రాత అని ఊరుకోలేం. కృష్ణ, తుంగభద్ర ఇటే పారినా పొలాలకు నీళ్లు ఎందుకు రాలేదు? భూమి ఎవరి చేతిలో ఉండేది? చెరువులు ఎవరు చూసేవాళ్లు, ఎందుకు తెగాయి? బ్యాంకు ఇవ్వని అప్పు మేస్త్రీ ఎందుకిస్తాడు? వలస కూలీల కోసం 1979లో కేంద్రం చేసిన చట్టం మన కూలీ దాకా ఎందుకు చేరలేదు? వెళ్లినవాళ్లలో ఏ కులాలవాళ్లు ఎక్కువ? ఇవీ మన ప్రశ్నలు. మీ అమ్మానాన్నల కష్టాన్ని వాళ్ల చేతకానితనంగా ఎవరైనా మాట్లాడితే, జవాబు చెప్పే ఆధారాలు మీ దగ్గర ఉండాలి. ఈ కోర్సు చెప్పడంలో నాకున్న కోరిక ఇదే.

చట్టం ఉంటే ఆచారం పోతుందా అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. ఆడపిల్లలను దేవుడికి అంకితం చేసే జోగిని, దేవదాసీ ఆచారాలను నిషేధిస్తూ 1988లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా మన జిల్లా ఊళ్లలో ఆ ఆచారం గురించి వింటూనే వచ్చాం. సాంఘిక నియంత్రణ అనే పాఠం వచ్చినప్పుడు దీని మీద వివరంగా మాట్లాడుకుందాం.

మన నేల మీద పెద్ద పరిశోధనలు జరిగాయని మీకు తెలియాలి. వియన్నా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమ్రాబాద్ అడవుల్లో చెంచుల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని నమోదు చేశాడు, 1943లో ఆ పుస్తకం లండన్‌లో అచ్చయింది. ఉస్మానియాలో పనిచేసిన సమాజశాస్త్రవేత్త ఎస్.సి. దూబే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను అధ్యయనం చేసి 1955లో వెలువరించిన గ్రంథం భారతీయ గ్రామం మీద వచ్చిన తొలి సమగ్ర అధ్యయనాల్లో ఒకటి. అప్పటి ఆ పల్లె ఇప్పుడు నగరం అంచున ఉంది. ఇలాంటివి చదువుతున్నప్పుడు నాకు గౌరవంతోపాటు ఒక ఆశ కూడా కలుగుతుంది. ఇంతకాలం మన గురించి బయటివాళ్లే రాశారు. అచ్చంపేట నుంచి వచ్చిన చెంచు విద్యార్థి తన పెంట, అంటే తన చెంచు గూడెం గురించి తనే రాస్తే, అందులో బయటివాళ్ల కంటికి ఆననివి ఎన్నో ఉంటాయి.

ఉద్యోగాల సంగతి అడుగుతారని తెలుసు. గ్రూప్-2లో హిస్టరీ, పాలిటీలతో పాటు సొసైటీ కూడా ఒక పేపర్లో ఉంది. వెట్టి, జోగిని, బాల కార్మికులు, ఫ్లోరోసిస్, వలస, అన్నీ అక్కడ అంశాలే. మన దక్షిణ తెలంగాణ బతుకే సిలబస్‌గా వచ్చినట్టుంటుంది. బీఈడీ, సోషల్ వర్క్ వైపు కూడా పోవచ్చు. కోచింగ్ నోట్సు బట్టీ పడితే మార్కులు కొన్ని వస్తాయి, కానీ ప్రశ్న కొద్దిగా మార్చి అడిగితే అదే నోట్సు పనికిరాదు.

వచ్చే సోమవారానికి అందరికీ ఒక పని. మీ ఇంట్లో మూడు తరాల వివరాలు రాసుకుని రండి. నాయనమ్మ, అమ్మమ్మ తరం, అమ్మానాన్నల తరం, మీ తరం. ఎవరు ఎక్కడ పుట్టారు, ఏ ఊరికి కోడలిగా వెళ్లారు, ఎంతవరకు చదివారు, ఏం పని చేశారు, ఎప్పుడు ఊరు విడిచి ఎక్కడికి పోయారు. తెలియనివి ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని అడగండి. తొందరపెట్టకండి, వాళ్లు చెప్పనంటే వదిలేయండి. అసలు పేర్లు రాయొద్దు, మార్చి రాయండి. అప్పుల లెక్కలు, రోగాల వివరాలు, కులం పేరు మీకు ఇష్టమైతేనే రాయండి. ఆ కాగితాలు నా దగ్గరే ఉంటాయి, మీ అనుమతి లేకుండా క్లాసులో చదవను. తెలుగులో రాయండి, ఇంగ్లీషులో రాయండి, ఉర్దూలో రాసినా తీసుకుంటాను.