పగడాల పక్కన పేరుకున్న బురద

అందరికీ నమస్కారం.

పగడపు దిబ్బ అందాన్ని అందరూ చూస్తారు. దాని పక్కనే కొన్ని వందల మీటర్ల లోతున పేరుకున్న తెల్లటి బురదను చూసేవాళ్లు తక్కువ. ఈ రోజు నేను దాని గురించే మాట్లాడతాను. దిబ్బ ఎప్పుడు నీళ్లలో ఉందో, ఎప్పుడు ఎండకు ఎండిందో ఆ బురద వరసగా దాచిపెట్టుకుంది.

ఆ బురదలో ఎక్కువ భాగం కాల్షియం కార్బనేటే. అయితే అది ఒకే రకం ఖనిజంగా ఉండదు; అరగొనైట్, కాల్సైట్ అని రెండు రూపాల్లో ఉంటుంది. పగడాలు, లోతులేని నీళ్లలో పెరిగే కొన్ని ఆకుపచ్చ నాచులు అరగొనైట్‌ను తయారుచేస్తాయి. నడిసముద్రంలో పైపైన తేలుతూ బతికే ఫొరామినిఫెరా, కొకొలితోఫోర్ అనే అతిచిన్న జీవుల పెంకులు కాల్సైట్. కంటికి రెండూ ఒకే తెల్లపొడి. ఎక్స్-రేలు పంపి ఖనిజాన్ని గుర్తుపట్టే ఎక్స్-రే డిఫ్రాక్షన్ పరీక్షలో మాత్రం రెండూ విడివిడిగా తేలిపోతాయి.

బహామాస్ సంగతే చూడండి. అక్కడి గ్రేట్ బహామా బ్యాంక్ అనే సముద్రపు తిన్నె మీద చాలాచోట్ల నీటి లోతు 10 మీటర్లు కూడా ఉండదు. సుమారు 21,000 ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరినప్పుడు, సముద్రమట్టం దాదాపు 120 మీటర్లు దిగిపోయింది. అంత పెద్ద తిన్నె పొడినేలగా మారింది. అరగొనైట్ తయారీ చాలావరకు ఆగిపోయింది. మంచు కరిగి నీళ్లు మళ్లీ తిన్నెను ముంచాక నాచులు, పగడాలు పెరిగాయి, తుఫాన్లు ఆ సున్నపు పొడిని అంచు దాటించి లోతుల్లోకి తోశాయి. అందుకే అక్కడి కోర్‌లలో, అంటే సముద్రపు అడుగు నుంచి గొట్టంతో నిలువుగా తీసిన బురద నమూనాల్లో, వెచ్చని కాలాల పొరల్లో అరగొనైట్ ఎక్కువ, మంచుయుగాల పొరల్లో తక్కువ.

ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ పక్కనున్న క్వీన్స్‌లాండ్ ట్రఫ్ అనే లోతైన సముద్రపు లోయలో నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. సముద్రం బాగా దిగినప్పుడు నదుల మట్టి నేరుగా లోతుల్లోకి చేరాలని మనం అనుకుంటాం. కోర్‌లు చూస్తే, ఆ మట్టి ఎక్కువగా వచ్చింది సముద్రం తిరిగి పైకి ఎక్కుతున్న కాలంలో! పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న లెక్క ప్రతి తీరానికీ సరిపోదని అక్కడే తెలిసింది.

మట్టిలోని బంకమన్ను ఖనిజాలూ మాట్లాడతాయి. వేడి, వాన ఎక్కువున్న నేలల్లో కెయోలినైట్ బాగా పుడుతుంది. ఇల్లైట్, క్లోరైట్ ఎక్కువుంటే రసాయన మార్పు అంతగా జరగకుండానే రాయి పొడి అయిందని అర్థం.

ఒక జాగ్రత్త తప్పనిసరి. అరగొనైట్ కాల్సైట్ కంటే సులువుగా కరుగుతుంది. ఒక పొరలో అది తక్కువైతే అసలు పుట్టలేదా, పుట్టి కరిగిపోయిందా? అందుకే అదే పొరలో టెరోపాడ్ అనే తేలే నత్తల పెంకులు వెతుకుతారు. అవి కూడా అరగొనైటే, పైగా చాలా పల్చన. అవి చెక్కుచెదరకుండా దొరికాయంటే అక్కడ పెద్దగా ఏమీ కరగలేదు, అరగొనైట్ తగ్గింది తిన్నె ఎండిపోవడం వల్లే.