తుప్పు తినేసిన పాత మస్టాంగ్‌ని తక్కువ డబ్బుతో రోడ్డెక్కించడం: ముందు రేకు, తర్వాతే రంగు

[తెర మీద: డ్రైవర్ సీటు ఉండాల్సిన చోటు, కార్పెట్ తీసేసిన ఫ్లోర్, రేకు మధ్యలో పెద్ద కన్నం]

ఈ ఫ్లోర్ ఒకసారి చూడండి. సీటు విప్పి కార్పెట్ పీకితే కింద నేల కనిపిస్తోంది. ఇది 1966 ఫోర్డ్ మస్టాంగ్. అమెరికాలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన పాత కార్లు చాలావరకు ఇలాగే ఉంటాయి, పైకి బాగానే కనిపిస్తాయి కానీ లోపల రేకు ఉండదు. దీన్ని షాపుకిస్తే మొత్తం పూర్తయ్యేసరికి బిల్లు కారు విలువను దాటేస్తుంది, ఎందుకంటే తుప్పు పనిలో సామాన్ల ఖర్చు కంటే కూలి ఖర్చే ఎక్కువ. ఆ కూలి మనదైతే లెక్క మారిపోతుంది. అందుకే ఈ వీడియోలో నేను పట్టుబట్టి చెప్పేది ఒక్కటే: చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ప్రతి రూపాయీ, అదే ప్రతి డాలరూ, ముందు రేకు మీదా బ్రేకుల మీదా పెట్టాలి, రంగు చివర్లో చూసుకోవచ్చు.

ముందు ఏ కారు కొనాలో మాట్లాడదాం, ఎందుకంటే బడ్జెట్ సగం ఇక్కడే తేలిపోతుంది. మస్టాంగ్‌ని కొంతమంది మజిల్ కార్ (మామూలు సైజు కారులో పెద్ద ఇంజిన్ పెట్టింది) అనరు, ‘పోనీ కార్’ (చిన్న స్పోర్టీ కారు) అంటారు, 1964 పాంటియాక్ జీటీఓ లాంటివే అసలు మజిల్ కార్లంటారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. కానీ జేబు వైపు నుంచి చూస్తే మస్టాంగే మేలు. 1964 ఏప్రిల్ 17న అమ్మకానికి వచ్చిన ఈ కారు 1966 మార్చికల్లా పది లక్షలు తయారైంది. అన్ని కార్లున్నాయి కాబట్టి దీని ఫ్లోర్ పాన్ (కింది రేకు) నుంచి డోర్ రబ్బరు దాకా దాదాపు ప్రతి ముక్కా ఇప్పటికీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు, డైనాకార్న్ అనే కంపెనీ వాళ్లయితే ఏకంగా పూర్తి బాడీనే తయారుచేస్తున్నారు. అదే ఎక్కువగా తయారవని కారైతే, ఒక మామూలు డిక్కీ రేకు కోసం నెలల తరబడి వెతికి, అడిగినంత ఇచ్చి కొనాల్సి వస్తుంది. ఇంకో మాట, ఫాస్ట్‌బ్యాక్ (టాప్ వెనక దాకా వాలుగా దిగే మోడల్) కోసం ఆశపడకండి, ఆరు సిలిండర్ల మామూలు కూపే (డిక్కీ విడిగా కనిపించే రెండు డోర్ల మోడల్) చూడండి, ధర చాలా తక్కువ, బాడీ కింది రేకు పని మాత్రం దాదాపు అదే.

కొనేముందు కాగితాలు చూడాలి. ఆ కాలం మస్టాంగ్‌లో ఎడమ వైపు ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) కింద, లోపలి ఏప్రన్ రేకు మీద కారు గుర్తింపు నంబర్ కొట్టి ఉంటుంది, డ్రైవర్ డోర్ మీద ఉన్న ప్లేట్ మీదా ఉంటుంది. ఆ రెండూ టైటిల్ కాగితంతో, అంటే కారు ఎవరిదో చెప్పే పత్రంతో కలవాలి. కలవకపోతే ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి, ఆ టెన్షన్ ఎవరూ భరించలేరు.

[తెర మీద: అయస్కాంతం, సన్న మొన ఉన్న స్క్రూడ్రైవర్]

కారు దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ రెండూ తీసుకెళ్లండి. అయస్కాంతం అతుక్కోని చోట రేకు లేదు, పుట్టీ ఉందన్నమాట. స్క్రూడ్రైవర్‌తో కింద నుంచి పొడిచి చూడండి, అమ్మేవాళ్లని అడిగి పొడవండి. గట్టి రేకు టంగుమంటుంది, తుప్పు పట్టింది కరకరమని లోపలికి దిగిపోతుంది. బయట నుంచి నాణెమంత కన్నం కనిపిస్తే లోపల అరచేయంత పోయిందనే లెక్కేసుకోండి. ఎందుకంటే తుప్పు సాధారణంగా లోపలి నుంచి బయటికి వస్తుంది. ఇనుముకి తేమ, ఆక్సిజన్ కలిస్తే తుప్పు, దానికి ఉప్పు తోడైతే వేగం ఇంకా పెరుగుతుంది. పైగా తుప్పు అసలు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, ఒకదానిమీద ఒకటి పెట్టి స్పాట్ వెల్డ్ చేసిన (చుక్కచుక్కగా అతికిన) రెండు రేకుల మధ్య చేరి వాటిని విడదీస్తుంది. ఆ సందులోకి ఇంకా నీళ్లు, ఇంకా తుప్పు.

మస్టాంగ్‌కి విడిగా ఛాసిస్ ఉండదు. ఫ్లోర్, డోర్ల కింద పొడవునా ఉండే రాకర్లు, కింద పట్టీల్లా ఉండే ఫ్రేమ్ రైళ్లు, వాటిని కలిపే టార్క్ బాక్సులు, ఇవన్నీ కలిసే బరువు మోస్తాయి. కాబట్టి ఫ్లోర్‌లో కన్నమంటే కాళ్లు తడవడం ఒక్కటే కాదు, కారు నడుము బలహీనపడిందని అర్థం. షెవర్లే షెవెల్, జీటీఓ లాంటి కార్లైతే కింద వేరే ఫ్రేమ్ ఉంటుంది, వాటిలో వెనక చక్రాల దగ్గర ఆ ఫ్రేమ్‌నే ముందు పొడిచి చూడాలి.

ఇప్పుడు అసలైన చోటికి వద్దాం. కౌల్. అద్దం కింద, వైపర్ల దగ్గర చిన్న చిన్న గాట్లు కనిపిస్తాయి కదా, బయటి గాలి కారులోకి వచ్చే దారి అది. వర్షం నీళ్లు కూడా అందులోకే పడి, పక్కల నుంచి బయటికి పోవాలి. లోపల రెండు పొట్టి గొట్టాల్లాంటి అంచులుంటాయి, గాలి వాటిలోంచి కిందికి వస్తుంది, నీళ్లు మాత్రం ఆ అంచు దాటకుండా చుట్టూ తిరిగి పోవాలని కారు తయారుచేసినవాళ్ల ఆలోచన. అయితే లోపల రంగు సరిగ్గా చేరలేదు, ఆకులు పడి కుళ్లి తడిగా ఉండిపోతాయి, చివరికి ఆ అంచుల మొదట్లోనే రేకు తినేసుకుపోతుంది. ఇక వర్షం పడిన ప్రతిసారీ నీళ్లు నేరుగా ఫ్లోర్ మీదికే. బయటికి కనిపించదు కాబట్టి చాలామంది కొత్త ఫ్లోర్ వేయించుకుని, కౌల్‌ని అలాగే వదిలేస్తారు. మొదటి వానాకాలానికే కొత్త కార్పెట్ తడిసి వాసన కొడుతుంది.

పరీక్ష చాలా సులువు. పైపుతో ఆ గాట్లలో నీళ్లు పోసి, ఇంకొకర్ని డాష్‌బోర్డు కింద టార్చ్ పట్టుకుని చూడమనండి. నీళ్లు కొద్దిగానే కారుతుంటే కింద నుంచి అతికించే ప్లాస్టిక్ తొడుగులు దొరుకుతాయి, ప్రస్తుతానికి గట్టెక్కిస్తాయి. రేకు విరిగి ఊడుతుంటే మాత్రం తొడుగులతో సరిపెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. ఫెండర్లు విప్పి, వరసగా ఉన్న స్పాట్ వెల్డ్‌లన్నీ డ్రిల్ చేసి పై రేకు లేపాలి. విసుగు పుట్టించే పనే, కానీ ఇందులో డబ్బు ఖర్చు తక్కువ, ఓపిక ఖర్చే ఎక్కువ, మనలాంటి బడ్జెట్‌కి సరిపోయే పని.

[తెర మీద: డోర్ ఫ్రేములో అడ్డంగా వెల్డ్ చేసిన పట్టీలు]

కోతకి ముందు ఒక ముఖ్యమైన జాగ్రత్త. రాకర్, ఫ్లోర్ ఒకేసారి కోసేస్తే కారు మధ్యలో కుంగుతుంది, తర్వాత డోర్లు పట్టవు. అందుకే డోర్ సందుల్లో ఇనుప పట్టీలు అడ్డంగా వెల్డ్ చేసి, మూల నుంచి మూలకి కొలతలు రాసుకోండి. స్టాండ్లు కారు బరువు మామూలుగా పడే చోట్లకి దగ్గరగా పెట్టండి, జాకీని నమ్ముకుని కింద దూరొద్దు. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు. పెట్రోల్ ట్యాంకు విప్పి బయట పెట్టండి, ఈ మస్టాంగ్‌లో ట్యాంకు పైభాగమే డిక్కీ ఫ్లోర్, దాని పక్కన వెల్డింగ్ నిప్పురవ్వలు ఎగరడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. బ్యాటరీ తీసేయండి. పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి గ్రైండింగ్ చేసేటప్పుడు మంచి మాస్క్ తప్పనిసరి.

కోసేటప్పుడు చేయి వెనకాడకూడదు. మెరిసే గట్టి రేకు వచ్చేదాకా కోయాలి, తుప్పు అంచుకి వెల్డ్ పెడితే అది నిలవదు, కరిగి కన్నం పడుతుంది. ఫ్లోర్ మొత్తం కొననక్కర్లేదు, పోయినంత మేరకే ప్యాచ్ కొనుక్కోండి, చిన్న చదునైన ముక్కలైతే మామూలు రేకు కోసి మీరే వంచుకోవచ్చు. ముందు అట్టతో నమూనా కోసుకుంటే రేకు వృథా కాదు.

వెల్డింగ్‌కి చిన్న మిగ్ మెషీన్ (తీగ దానంతటదే వచ్చే వెల్డింగ్ యంత్రం) చాలు. గ్యాస్ లేని ఫ్లక్స్ తీగతో కూడా పని అవుతుంది కానీ వేడి ఎక్కువ, ఒక మిల్లీమీటరు రేకు కరిగి కన్నం పడుతుంది. కాబట్టి డబ్బు ఆదా చేయాలంటే ఇంకెక్కడైనా చేయండి, గ్యాస్ సిలిండర్ దగ్గర వద్దు. 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్, 0.6 మిల్లీమీటర్ల తీగ. గీత లాగినట్టు వెల్డ్ చేయకండి. ఇక్కడొక చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, మళ్లీ అటు చివర ఒకటి, మధ్యలో చల్లారనిస్తూ చుక్కలన్నీ కలిసేదాకా. తొందరపడితే రేకు వేడికి వంకర తిరుగుతుంది, దాన్ని మళ్లీ చదును చేయడం కొత్త రేకు వేయడం కంటే కష్టం.

చిన్న సామాన్ల తుప్పుకి ఎలక్ట్రాలిసిస్, అంటే నీళ్లలో కరెంటుతో తుప్పు వదలగొట్టడం, చవకైన దారి. ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు, వాషింగ్ సోడా, పాత మాన్యువల్ బ్యాటరీ ఛార్జర్. తుప్పు పట్టిన ముక్కకి నెగెటివ్, పనికిరాని ఇనుప ముక్కకి పాజిటివ్. ఆ రెండో ముక్క స్టెయిన్‌లెస్ స్టీల్ అసలు కాకూడదు, విషపూరితమైన క్రోమియం నీళ్లలో చేరుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి, ముక్క తీసేముందు ఛార్జర్ ఆపండి. స్ప్రింగులు, గట్టి బోల్టులు ఇందులోనూ యాసిడ్‌లోనూ నానబెట్టొద్దు, పెళుసుబారి విరుగుతాయి. ఇక ఇసుక బ్లాస్టింగ్ బ్రాకెట్లకి, ఇరుసు సామాన్లకి బాగుంటుంది, బానెట్, టాప్ లాంటి వెడల్పు రేకుల మీద కొట్టిస్తే అలలు తేలిపోతాయి.

ఇంజిన్ గురించి ఎక్కువ చెప్పను. పట్టేసి ఉంటే స్టార్టర్ నొక్కకండి, స్పార్క్ ప్లగ్గులు తీసి సిలిండర్లలో నూనె పోసి కొన్నాళ్లు నాననిచ్చి, క్రాంక్ బోల్టుకి పొడవాటి రాడ్ పెట్టి చేత్తో మెల్లగా అటూ ఇటూ కదపండి. తిరిగితే ఉన్న ఇంజిన్‌నే వాడండి, పెద్ద వీ8 మోజు తర్వాత తీర్చుకోవచ్చు.

బ్రేకులకి మాత్రం ఖర్చుకి వెనకాడొద్దు. 1966 మస్టాంగ్‌లో మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టే భాగం) ఒకే సర్క్యూట్, అంటే ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేక్ పోతుంది. 1967 నుంచి మస్టాంగ్‌కి రెండు సర్క్యూట్లు వచ్చాయి. ఆ రకం సిలిండర్‌కి మారి, ఇనుప పైపుల స్థానంలో తుప్పు పట్టని నికెల్-కాపర్ పైపులు వేయండి, రబ్బరు హోసులు కూడా కొత్తవే. పెయింట్ డబ్బుల్లోంచి కోసైనా ఇది చేయాల్సిందే.

రంగు విషయానికొస్తే, వెల్డ్ పని అయిన వెంటనే శుభ్రం చేసి ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి. మామూలు ప్రైమర్ తేమని పీల్చుకుంటుంది, దాని కింద మళ్లీ తుప్పు మొదలవుతుంది. ఎపాక్సీ ఎండకి తెల్లబారిపోతుంది కాబట్టి పైన చవకైన సింగిల్ స్టేజ్ రంగైనా (పైన వేరే క్లియర్ కోటు అక్కర్లేనిది) వేయాలి. హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలిపే రంగుల్లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్లుంటాయి, మామూలు మాస్క్ పనికిరాదు, బయటి గాలి అందించే మాస్క్ లేకపోతే కారుని ప్రైమర్ దాకా మీరు చేసి, రంగు మాత్రం షాపులో వేయించండి.

రంగు ఆరాక ఒక పని మిగులుతుంది, దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. రాకర్లు, డోర్ల అడుగు, ఫ్రేమ్ రైళ్ల లోపలికి సన్న గొట్టంతో కావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పు రాకుండా కొట్టే మైనం) కొట్టండి. వ్యాక్స్ గట్టిపడకముందే కింద నీళ్లు పోయే కన్నాల్లో సన్న తీగ పెట్టి అవి తెరిచే ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చూడండి, రేకుల అతుకుల మీద సీమ్ సీలర్ పూసేటప్పుడు అవి మూసుకుపోవడం మామూలే.