ఉత్తర కొరియా: ప్యాంగ్యాంగ్ దాటితే ఏముంది?

[తెర మీద: సైనిక కవాతు దృశ్యాలు, శబ్దం లేకుండా]

ఉత్తర కొరియా మీద వచ్చే వీడియోలు చూస్తే ఒకాయన జుట్టు గురించో, క్షిపణుల గురించో తప్ప మరో మాట వినపడదు. ఈ వీడియోలో ఆ రెండింటి జోలికి పెద్దగా పోను. ఆ దేశంలో రెండున్నర కోట్లకు పైగా జనం ఉన్నారు. వాళ్లు ఏ ఊళ్లలో ఉంటున్నారు, ఆ ఊళ్లు ఎలా పెరిగాయి, ఎలా చితికిపోయాయి అన్నది చూద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విదేశీ కెమెరాలు దాదాపు ఎప్పుడూ తిరిగేది రాజధాని ప్యాంగ్యాంగ్‌లోనే. కానీ ఆ దేశానికి ఏం జరిగిందో తెలియాలంటే తూర్పు తీరంలోని హమ్‌హుంగ్ వెళ్లాలి. మనమూ అక్కడే ఎక్కువసేపు ఆగుదాం.

[తెర మీద: కొరియా ద్వీపకల్పం పటం]

ముందు పటం చూడండి. విస్తీర్ణం సుమారు 1,20,500 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కంటే కాస్త పెద్దది. ఉత్తరాన యాలూ, తుమెన్ నదుల వెంట చైనాతో దాదాపు 1,400 కిలోమీటర్ల సరిహద్దు. ఈశాన్య మూలన రష్యాతో 17 కిలోమీటర్లు మాత్రమే. దక్షిణాన నాలుగు కిలోమీటర్ల వెడల్పున ముళ్లకంచెలు, మందుపాతరలతో నిండిన పట్టీ. దాని పేరు సైనిక రహిత మండలం! పేరు పెట్టిన వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

దేశంలో నూటికి ఎనభై వంతులు కొండలే. ఎత్తైన శిఖరం పేక్తు 2,744 మీటర్లు, దాని నెత్తిన అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన సరస్సు. పంట పండే నేల తక్కువ, చలికాలం ఎక్కువ. బొగ్గు, ఇనుము, కొండ నదుల నీటి శక్తి మాత్రం పుష్కలం. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మిగతా చరిత్ర సగం అర్థమవుతుంది. 1910 నుంచి 1945 వరకు కొరియాను ఏలిన జపాన్ భారీ పరిశ్రమలను ఉత్తరాన పెట్టింది. వరి పండే మైదానాలేమో ఎక్కువగా దక్షిణాన ఉన్నాయి.

[తెర మీద: 38వ అక్షాంశం గీత]

1945 ఆగస్టు 15న జపాన్ లొంగిపోయింది. రెండు కొరియాలకూ అది విమోచన దినం. మన స్వాతంత్ర్య దినోత్సవం నాడే అక్కడా సెలవు. లొంగుబాటుకు కొద్ది రోజుల ముందు, ఒక అర్ధరాత్రి వాషింగ్టన్‌లో డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు అమెరికా సైనికాధికారులు పటం ముందేసుకుని 38వ అక్షాంశం మీద గీత గీశారు. వాళ్లకు దొరికిన సమయం అరగంట. ఉత్తరం సోవియట్ సేనలకు, దక్షిణం అమెరికాకు. గొర్రెల మంద పంచుకున్నా ఇంతకంటే ఎక్కువ చర్చ జరుగుతుంది.

1948 సెప్టెంబరు 9న ఉత్తరాన కిమ్ ఇల్ సంగ్ నాయకత్వంలో కొరియా ప్రజాస్వామిక ప్రజా గణతంత్రం ఏర్పడింది. 1950 జూన్ 25న ఉత్తర సేనలు గీత దాటాయి. మూడేళ్ల యుద్ధం 1953 జులై 27న కాల్పుల విరమణతో ఆగింది. శాంతి ఒప్పందం ఇప్పటికీ జరగలేదు.

తాత కిమ్ ఇల్ సంగ్ 1994లో చనిపోయాడు. కొడుకు కిమ్ జోంగ్ ఇల్ 2011లో పోయాడు. ఇప్పుడు మనవడు కిమ్ జోంగ్ ఉన్. పాలించేది వర్కర్స్ పార్టీ. దాని చిహ్నంలో సుత్తి, కొడవలితో పాటు మధ్యలో రాత కుంచె కూడా ఉంటుంది, మేధావుల కోసం. తనది సోషలిస్టు రాజ్యమని ఆ దేశం చెప్పుకుంటుంది. అయితే మార్క్సిజం-లెనినిజం ప్రస్తావనను 1992లోనే రాజ్యాంగం నుంచి తీసేశారు. దాని స్థానంలో నిలిచింది జూచే, అంటే స్వావలంబన సిద్ధాంతం. ఆచరణలో వారసత్వ పాలన. ఎన్నికలూ జరుగుతాయి, పార్టీ ఆమోదించిన అభ్యర్థులతో.

ఒక చిన్న పిట్టకథ. 2015 ఆగస్టు 15న, జపాన్ తమ మీద రుద్దిన సమయం తమకొద్దంటూ దేశంలోని గడియారాలన్నీ అరగంట వెనక్కి తిప్పారు. అప్పుడు భారత్‌కూ వాళ్లకూ తేడా సరిగ్గా మూడు గంటలైంది. 2018 మేలో దక్షిణ కొరియాతో స్నేహం చిగురించి మళ్లీ అరగంట ముందుకు జరిపారు. ఇప్పుడు తేడా మూడున్నర గంటలు.

[తెర మీద: తేదోంగ్ నది, ప్యాంగ్యాంగ్ భవనాలు]

ఇక ఊళ్లకు వద్దాం. ప్యాంగ్యాంగ్ తేదోంగ్ నది ఒడ్డున ఉంది. జనాభా 30 లక్షల పైమాటే. యుద్ధంలో అమెరికా బాంబులకు ఊరు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అందుకే ఇవాళ కనిపించే వెడల్పాటి వీధులు, కొలిచి కట్టినట్టున్న చౌకులు అన్నీ 1953 తర్వాతివే.

నది ఒడ్డున 170 మీటర్ల జూచే స్తంభం ఉంది. 1982లో కిమ్ ఇల్ సంగ్ 70వ పుట్టినరోజుకు కట్టారు. వాడిన రాళ్లు 25,550 అంటారు, ఆయన బతికిన రోజుకు ఒక రాయి చొప్పున. అదే ఏడాది కట్టిన విజయ తోరణం 60 మీటర్లు, పారిస్‌లో ఉన్నదానికంటే పది మీటర్లు ఎత్తు. ఊరి మధ్యలో పిరమిడ్ ఆకారంలో నిలబడిన ర్యుగ్యోంగ్ హోటల్ 105 అంతస్తులు. 1987లో మొదలైంది, 1992లో ఆగింది, 2008 తర్వాత అద్దాలు తొడిగారు. హోటల్‌గా ఇంతవరకు తెరుచుకోలేదు. 2018 నుంచి దాని గోడల మీద రాత్రిళ్లు లైట్ల ప్రదర్శన మాత్రం జరుగుతోంది.

భూమికి వంద మీటర్లకు పైగా లోతున 1973లో మొదలైన మెట్రో నడుస్తుంది. పాలరాతి స్తంభాలు, షాండ్లియర్లు, గోడల నిండా మొజాయిక్ చిత్రాలు. స్టేషన్లకు ఊరి పేర్లుండవు, ‘కీర్తి’, ‘కామ్రేడ్’, ‘విజయం’ లాంటి పేర్లుంటాయి. కొత్తగా వచ్చినవాడు ఎక్కడ దిగాలో కనుక్కోవడం కష్టమే. రైళ్లలో చాలావరకు ఒకప్పుడు బెర్లిన్‌లో తిరిగినవి, పాతవి కొని తెచ్చారు.

ఊరి వంటకం చల్లని నేంగ్‌మ్యోన్. బక్‌వీట్ అనే ధాన్యం పిండితో చేసిన నూడుల్స్‌ను ఐసులాంటి పులుసులో వేసి తింటారు. నది పక్కనున్న ఓంగ్‌న్యుగ్వాన్ భోజనశాల దీనికి ప్రసిద్ధి. 2018లో రెండు కొరియాల నేతలు భేటీ అయినప్పుడు ఆ నూడుల్స్ సరిహద్దు దాకా వచ్చాయి.

అయితే ప్యాంగ్యాంగ్‌లో ఎవరు పడితే వారు కాపురం పెట్టలేరు. నివాసానికి అనుమతి కావాలి. తాత ముత్తాతలు జపాన్ కాలంలో, యుద్ధ కాలంలో ఎటువైపు నిలిచారన్న దాన్ని బట్టి ప్రతి కుటుంబానికీ ‘సోంగ్‌బున్’ అనే హోదా ఉంటుంది. అది చెడ్డదైతే రాజధాని ఆశ వదులుకోవాల్సిందే. చుట్టపుచూపుగా రావాలన్నా ప్రయాణ పత్రం ఉండాలి. అందుకే ప్యాంగ్యాంగ్‌ను చూసి దేశాన్ని అంచనా వేయకూడదు.

[తెర మీద: తూర్పు తీరం. హమ్‌హుంగ్ పేరు దగ్గర ఆగాలి]

హమ్‌హుంగ్. 2008 జనాభా లెక్కల్లో 6.7 లక్షల మందితో దేశంలో రెండో పెద్ద నగరం. పక్కనే హుంగ్‌నామ్ రేవు. 1920ల చివర్లో నోగుచి అనే జపాన్ పారిశ్రామికవేత్త కొండ నదులకు ఆనకట్టలు కట్టి, ఆ కరెంటుతో ఇక్కడ భారీ ఎరువుల కర్మాగారం నడిపాడు. అలా ఊరికి పారిశ్రామిక జాతకం రాసిపెట్టారు.

చైనా సేనలు యుద్ధంలోకి దిగడంతో 1950 డిసెంబరులో అమెరికా బలగాలు హుంగ్‌నామ్ రేవు నుంచి ఓడలెక్కి వెనుదిరిగాయి. వారితో పాటు దాదాపు లక్ష మంది సామాన్యులు కదిలారు. ‘మెరిడిత్ విక్టరీ’ అనే సరుకు ఓడలో 12 మంది ప్రయాణికులకే వసతి ఉంది. దాని గోడౌన్లలో 14,000 మంది నిలబడే వెళ్లారు. తిండి లేదు, వెలుతురు లేదు, కింద పెట్రోలు పీపాలు. గమ్యం చేరేసరికి ఒక్కరూ చనిపోలేదు, పైగా ఐదుగురు పిల్లలు పుట్టారు. ఆ ఓడలో వెళ్లిన ఒక దంపతుల కొడుకు మూన్ జే ఇన్ తర్వాత దక్షిణ కొరియా అధ్యక్షుడయ్యాడు.

యుద్ధం ఆగేనాటికి హమ్‌హుంగ్ శిథిలాల గుట్ట. 1955 నుంచి 1962 దాకా తూర్పు జర్మనీ ఇంజనీర్లు వచ్చి మళ్లీ కట్టారు. వాళ్లలో బౌహౌస్ అనే పేరున్న జర్మన్ కళా, వాస్తుశిల్ప కళాశాలలో చదివిన కోన్రాడ్ పుషెల్ కూడా ఉన్నాడు.

[తెర మీద: కర్మాగారం గొట్టాలు, నూలు దారాలు]

1961లో ఇక్కడ వినలాన్ కర్మాగారం మొదలైంది. వినలాన్ అంటే బొగ్గు, సున్నపురాయి నుంచి తీసే దారం. పత్తి పండదు, పెట్రోలు లేదు, కానీ ఈ రెండు రాళ్లకు కొదవ లేదు. రీ సుంగ్ గీ అనే కొరియా శాస్త్రవేత్త 1939లో క్యోటోలో ఉండగా దీన్ని కనిపెట్టి, యుద్ధకాలంలో ఉత్తరానికి వెళ్లిపోయాడు. సున్నపురాయినీ బొగ్గునూ కొలిమిలో కాల్చి కార్బైడ్ చేయాలి, దాని నుంచి గ్యాసు తీయాలి, గ్యాసును రసాయనంగా మార్చి దారం లాగాలి. బట్ట గట్టిదే, కానీ బిరుసు. రంగు సరిగా పట్టదు. కొలిమికేమో కరెంటు లెక్కలేనంత కావాలి. స్వావలంబనకు ప్రతీక అని పాటలు కట్టిన ఈ దారానికి ప్రాణం కరెంటులో ఉంది. 

1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. చవగ్గా వచ్చే చమురు, యంత్రాల విడిభాగాలు ఆగిపోయాయి. కరెంటు తగ్గింది. ఎరువుల కర్మాగారం మందగించింది. ఎరువు లేక పొలాల్లో దిగుబడి పడిపోయింది. గనుల్లో కార్మికులకు రేషన్ అందలేదు. వాళ్లు తవ్వకపోతే బొగ్గు లేదు, బొగ్గు లేకపోతే కరెంటు లేదు. ఇలా ఒకదాని కాలు ఇంకోటి పట్టి లాగుతుండగా 1995లో వరదలు ముంచెత్తాయి. తర్వాతి మూడు నాలుగేళ్లలో ఆకలికి పోయినవారి సంఖ్యపై అంచనాలు రెండున్నర లక్షల నుంచి ముప్పై లక్షల దాకా ఉన్నాయి. చాలామంది పరిశోధకులు ఆరు నుంచి పది లక్షల మధ్య అంటారు. ఎక్కువగా దెబ్బతిన్నది వరి పండే పల్లెలు కాదు, రేషన్ మీద బతికే తూర్పు తీరపు పారిశ్రామిక నగరాలు. వినలాన్ కర్మాగారం 1990ల మధ్యలో మూతపడి 2010లో ఆర్భాటంగా తెరుచుకుంది.

[తెర మీద: చాంగ్‌జిన్]

ఇంకా ఉత్తరాన చాంగ్‌జిన్. 2008 లెక్కల్లో దీనికీ హమ్‌హుంగ్‌కూ తేడా వెయ్యి మంది కూడా లేరు. కిమ్ చేక్ ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు. కరువులో ఇక్కడా జనం అల్లాడిపోయారు. ప్రభుత్వం చేతులెత్తేసిన చోట ఆడవాళ్లు సంత పెట్టారు. కూరగాయలు, రొట్టెలు, చైనా నుంచి వచ్చిన బట్టలు. సునామ్ సంత అలా పెద్దదైంది. పెళ్లయిన స్త్రీకి ఫ్యాక్టరీ హాజరు తప్పనిసరి కాదు కాబట్టి భర్త జీతంలేని ఉద్యోగానికి వెళితే భార్య సంపాదించి ఇల్లు గడిపింది. 2009 నవంబరులో ప్రభుత్వం పాత నోట్లు రద్దు చేసి, పాత వందకు కొత్త ఒకటి ఇచ్చింది. మార్చుకోవడానికి పరిమితి పెట్టింది. సంతల్లో కూడబెట్టినదంతా రాత్రికి రాత్రే చిత్తుకాగితమైంది. నోట్ల రద్దు రుచి తెలిసిన మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

పడమటి వైపు రెండు ఊళ్లు త్వరగా చూసేద్దాం. నాంఫో ప్యాంగ్యాంగ్‌కు రేవు. తేదోంగ్ నది సముద్రంలో కలిసేచోట 1986లో ఎనిమిది కిలోమీటర్ల బ్యారేజీ కట్టారు. సినుయిజు చైనా సరిహద్దు. యాలూ నదికి ఆవలి ఒడ్డున దాన్‌దోంగ్ నగరం వెలుగుతూ ఉంటుంది. రెండు వంతెనల్లో ఒకటి 1950లో బాంబులకు సగం విరిగి అలాగే ఉండిపోయింది, రెండోదాని మీదుగా రైళ్లు నడుస్తాయి.

[తెర మీద: కేసాంగ్ పాత ఇళ్ల పైకప్పులు]

దక్షిణాన కేసాంగ్. 918 నుంచి 1392 దాకా సాగిన కొర్యో రాజ్యానికి దాదాపు మొదటి నుంచీ రాజధాని. మందుగా వాడే జిన్సెంగ్ వేర్లకు పేరుపడ్డ ఊరు. ఇక్కడి చారిత్రక కట్టడాలకు 2013లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 38వ అక్షాంశానికి దక్షిణాన ఉండటంతో 1945 నుంచి 1950 దాకా ఇది దక్షిణ కొరియా ఊరే. యుద్ధం ముగిసేసరికి ఉత్తరం చేతిలో ఉంది.

దగ్గర్లోనే పన్‌ముంజోమ్. 1953లో స్వదేశం వెళ్లనన్న యుద్ధ ఖైదీలను కాపలా కాసింది భారత సైన్యం. తటస్థ దేశాల సంఘానికి జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. రెండు వైపులకూ పోమని భీష్మించుకున్న ఎనభై మందికి పైగా ఖైదీలను 1954లో ఓడలో మద్రాసు తీసుకొచ్చారు.

2004 నుంచి కేసాంగ్‌లో ఉమ్మడి పారిశ్రామికవాడ నడిచింది. దక్షిణాది కంపెనీలు, ఉత్తరాది కార్మికులు 50 వేల మందికి పైగా. కార్మికులకు చిరుతిండిగా చాకోపై బిస్కెట్లు ఇచ్చేవారు. వాళ్లు తినకుండా దాచి సంతలో అమ్ముకునేవారు, ఆ బిస్కెట్టుకు సొంత మార్కెట్ ధర ఏర్పడింది. 2016లో దక్షిణ కొరియా ఆ వాడను మూసేసింది. 2020 జూన్‌లో అక్కడి ఉమ్మడి కార్యాలయాన్ని ఉత్తర కొరియా పేల్చేసింది. 2024 జనవరిలో రెండు కొరియాల ఏకీకరణ లక్ష్యాన్నే పక్కనపెట్టి, ప్యాంగ్యాంగ్‌లోని ఏకీకరణ తోరణాన్ని కూల్చేశారు.

అదే నెలలో మరో ప్రకటన వచ్చింది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఏటా ఇరవై ప్రాంతాల చొప్పున పదేళ్లపాటు జిల్లాల్లో చిన్న ఫ్యాక్టరీలు కడతామని కిమ్ జోంగ్ ఉన్ చెప్పాడు. జిల్లాల ప్రజలకు నిత్యావసరాలు కూడా అందించలేకపోవడం తీవ్రమైన రాజకీయ సమస్య అని ఆయనే ఒప్పుకున్నాడు. క్షిపణి వార్తల కంటే నాకు ఇదే పెద్ద వార్త.

[తెర మీద: వోన్‌సాన్ సముద్రతీరం]

చివరగా బయటివాళ్లను రమ్మంటున్న రెండు ఊళ్లు. తూర్పు తీరంలో వోన్‌సాన్. 2025 జులై 1న కల్మా తీరంలో ఇరవై వేల మంది పట్టే రిసార్టు తెరిచారు. రష్యా పర్యాటకులు వచ్చారు, నెల తిరక్కుండానే విదేశీయులను తాత్కాలికంగా తీసుకోవడం లేదని ప్రకటించారు. చైనా, రష్యా సరిహద్దులు కలిసే మూలన రాసన్, 1991 నుంచి ప్రత్యేక ఆర్థిక మండలి. కోవిడ్ తర్వాత పాశ్చాత్య పర్యాటకులను తొలిసారి రానిచ్చింది ఇక్కడే, 2025 ఫిబ్రవరిలో. వాళ్లు తీసిన వీడియోలు ఇంటర్నెట్‌లోకి ఎక్కాయి. మార్చి మొదట్లోనే తలుపులు మూసేశారు, కారణం చెప్పలేదు.