అద్దం చుక్క, హోలోగ్రాం చుక్క

(విజయవాడలో ఫిజిక్స్ విద్యార్థులు, ఎన్‌సీసీ క్యాడెట్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంద్రకీలాద్రి ఉన్న ఊళ్లో గురి గురించి మాట్లాడుతూ అర్జునుణ్ణి తలుచుకోకపోతే బాగుండదు. తలుచుకున్నాం. ఇక పనిలోకి వెళ్దాం: తుపాకీ మీద గురి చూడ్డానికి పెట్టే సైట్లలో రెడ్ డాట్, హోలోగ్రాఫిక్ అని రెండు రకాలున్నాయి, వాటి మధ్య తేడా ఏమిటో చూద్దాం.

క్యాడెట్లలో చాలామంది పాయింట్ టూ టూ రైఫిల్ పేల్చే ఉంటారు. శిస్త్, అంటే గురి, తీసుకోమన్నప్పుడు ఏం చేశారు? వెనక సైటు గాడిలోంచి ముందు సైటు మొనని చూసి, ఆ మొనని టార్గెట్ మీద నిలబెట్టారు. అంటే మీ కంటికి ఒకేసారి మూడు దూరాలు అప్పజెప్పారన్నమాట. కన్నేమో ఒకసారికి ఒక దూరానికే ఫోకస్ అవుతుంది. కుర్రకళ్లు కాబట్టి మీరు ఎలాగో నెట్టుకొస్తారు. నలభై దాటాక ముందు సైటు మసకబారుతుంది, ఎంత కళ్లు చిట్లించినా లాభం ఉండదు.

దీనికి విరుగుడు కనిపెట్టినాయన తుపాకుల మనిషి కాదు. డబ్లిన్‌లో టెలిస్కోపులు తయారుచేసే హోవర్డ్ గ్రబ్. ఆయన 1900లో పేటెంటు తీసుకున్నది రిఫ్లెక్టర్ సైటు మీద. వెలిగే ఒక గుర్తుని అద్దంలోంచి చూపిస్తే, అది టార్గెట్ ఉన్న చోటే, అంత దూరానే ఉన్నట్టు కనపడాలి. అదీ ఆయన ఆలోచన. గుర్తు నుంచి వచ్చే కిరణాల్ని సమాంతరంగా మారిస్తే చాలు, అది అనంత దూరంలో ఉన్నట్టే కంటికి తోస్తుంది. రాత్రిపూట రైల్లో కృష్ణ వంతెన దాటేటప్పుడు గడ్డర్లన్నీ వెనక్కి పరిగెడుతుంటాయి, చందమామ మాత్రం మనతోనే వస్తుంటాడు. ఈ చుక్కదీ అదే వరస. తల కాస్త అటూఇటూ జరిగినా చుక్క దిక్కు మారదు. టార్గెట్ వైపు చూడ్డం, రెండు కళ్లూ తెరిచే చూడ్డం, చుక్క పడిన చోట పేల్చడం, అంతే. కంటికి ఇక ఒక్క దూరంతోనే పని.

రెడ్ డాట్, హోలోగ్రాఫిక్ రెండూ ఇక్కడిదాకా ఒకటే. ఆ సమాంతర కిరణాల్ని పుట్టించే పద్ధతిలోనే తేడా. ఒకటి పరావర్తనం, అంటే కాంతి అద్దానికి తగిలి వెనక్కి రావడం. రెండోది వివర్తనం, అంటే అతి సన్నటి గీతల దగ్గర కాంతి వంగడం. మీరు వినే మిగతా గొడవలన్నీ, బ్యాటరీ గొడవ, ఎండ గొడవ, అద్దం పగిలిన గొడవ, ఈ ఒక్క తేడా లోంచే పుట్టాయి.

నా చేతిలో ఉన్నది రెడ్ డాట్. ముందువైపు నుంచి, కింద మూలలోకి చూడండి, ఆవగింజలో సగం కూడా లేని ఒక వెలుగు కనపడుతుంది. అది ఎల్‌ఈడీ. ఎదురుగా ఉన్న ఈ గాజు బల్లపరుపుగా లేదు, వేలితో తడిమితే వంపు తెలుస్తుంది. దాని మీద సన్నటి పూత ఉంది. ఎరుపుని వెనక్కి కొడుతుంది, మిగతా రంగుల్ని చాలావరకు వదిలేస్తుంది. అందుకే ఇందులోంచి చూస్తే గోడ కొంచెం నీలంగా కనపడుతోంది. ఎల్‌ఈడీని ఆ అద్దం నాభి (ఫోకస్) దగ్గర పెట్టారు. నాభి నుంచి బయల్దేరిన కాంతి అద్దానికి తగిలి సమాంతరంగా వెనక్కి వస్తుంది. ఇంటర్‌లో చదువుకున్న పుటాకార దర్పణం పాఠమే! స్వీడన్‌కి చెందిన ఎయిమ్‌పాయింట్ కంపెనీ 1975లో ఎల్‌ఈడీతో చేసిన తొలి సైటుని అమ్మకానికి పెట్టింది.

హోలోగ్రాం కథ వేరు. వస్తువు నుంచి వచ్చే కాంతిని ఒక పొరలో అచ్చుగా దాచి, మళ్లీ వెలుగు పడితే ఆ వస్తువు అక్కడే ఉన్నట్టు చూపించేదే హోలోగ్రాం. డెనిస్ గాబోర్ అనే భౌతిక శాస్త్రవేత్తకి ఆ ఆలోచన 1947లో వచ్చింది. కానీ లేజరు పుట్టేదాకా దానికి సరైన దీపం దొరకలేదు. 1960ల మొదట్లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎమెట్ లీత్, యూరిస్ ఉపత్నిక్స్ లేజరుతో బొమ్మ రైలు హోలోగ్రాం తీసి లోకానికి చూపించారు. గాబోర్‌కి 1971లో నోబెల్ వచ్చింది. ఆ విశ్వవిద్యాలయపు ప్రయోగశాల నుంచి విడివడిన పరిశోధన సంస్థలోనే ఈఓటెక్ కంపెనీ పుట్టింది, 1996లో హోలోగ్రాఫిక్ సైటు బజారుకొచ్చింది. నోబెల్ తెచ్చిన ఫిజిక్సు పాతికేళ్లలో తుపాకీ మీదకెక్కింది, సంతోషించాలో లేదో మీ ఇష్టం.

అందులో మనం చూసే కిటికీ గాజుకి వంపు అక్కర్లేదు. మధ్యలో చుక్క, చుట్టూ వలయం ఉండే గుర్తుని ముందే కిటికీ గాజు పొరలో హోలోగ్రాంగా రాసేస్తారు. అడుగున లేజర్ డయోడ్ ఉంటుంది. దాని కాంతి ఒక దర్పణం మీద, తర్వాత ఒక గ్రేటింగ్, అంటే అతి సన్నటి గీతలున్న పలక, మీద పడి కిటికీకి చేరుతుంది. అక్కడ వివర్తనం చెంది, గుర్తు దూరంగా గాల్లో నిలబడ్డట్టు కనపడుతుంది. ఈఓటెక్ చుక్క 1 ఎంఓఏ, వలయం 68 ఎంఓఏ. ఒక ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్) అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, వంద మీటర్ల దగ్గర సుమారు 2.9 సెంటీమీటర్లు.

ఇప్పుడు బ్యాటరీ లెక్క చూద్దాం. ఎయిమ్‌పాయింట్ టీ-1 అనే రెడ్ డాట్ ఒక్క సీఆర్ 2032 బిళ్ల మీద 50,000 గంటలు వెలుగుతుందని కంపెనీ మాట. అయిదున్నరేళ్ల పైమాటే. ఆ బిళ్లలో ఉండేది ఇంచుమించు 225 మిల్లీయాంపియర్ అవర్లు. భాగిస్తే 4.5 మైక్రోయాంపియర్లు. ఈఓటెక్ సైట్లలో ఒక రకం దానికంటే చాలా పెద్దదైన సీఆర్ 123 బ్యాటరీ వేసుకుని వెయ్యి గంటలు నడుస్తుంది, అంటే నలభై రెండు రోజులు. అది సుమారు 1,500 మిల్లీయాంపియర్ అవర్లు కాబట్టి కరెంటు 1.5 మిల్లీయాంపియర్లు. మూడొందల రెట్లకి పైన! ఎందుకింత? ఎల్‌ఈడీకి ఎంత తక్కువ కరెంటిస్తే అంత మందంగా వెలుగుతుంది, పేచీ పెట్టదు. లేజర్ డయోడ్‌కి మాత్రం ఒక గడప ఉంది. దాని కింద కరెంటిస్తే అది లేజరే కాదు, మామూలు ఎల్‌ఈడీలా మిణుకుతుంది. అందుకని కరెంటు గడప దాటే ఇవ్వాలి, వెలుగు తగ్గించాలంటే వేగంగా ఆర్పి వెలిగించాలి. ఇంజినీర్ల అసమర్థత కాదిది, లేజరు స్వభావమే అంత. అందుకే రెడ్ డాట్‌ని వెలిగించి వదిలేస్తారు. హోలోగ్రాఫిక్ సైటు కొన్ని గంటల తర్వాత తనంతట తనే ఆరిపోతుంది.

ఇక మన ఎండ సంగతి. బెజవాడలో మే నెల మధ్యాహ్నం ఎండలో పెట్టిన ఇనుప ముక్కని ముట్టుకోగలరా? పరావర్తన కోణానికి రంగుతో పని లేదు. ఎల్‌ఈడీ రంగు వేడికి కొంచెం జరిగినా చుక్క ఉన్నచోటే ఉంటుంది. వివర్తన కోణానికి రంగే, అంటే కాంతి తరంగదైర్ఘ్యమే, ఆధారం. ఎర్ర లేజర్ డయోడ్ తరంగదైర్ఘ్యం డిగ్రీకి సుమారు 0.2 నానోమీటర్లు జరుగుతుంది. జనవరి పొద్దున 20 డిగ్రీలు, మే ఎండలో లోహం 50 అనుకోండి, ఆరు నానోమీటర్లు. ఎర్ర లేజరు తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లనుకుంటే, అందులో ఆరంటే ఒక శాతం కూడా లేదు. కానీ గ్రేటింగ్ కాంతిని 30 డిగ్రీలు వంచుతోందనుకుని లెక్కేస్తే, దిద్దుబాటు లేకపోతే ఆ చుక్క వంద మీటర్ల దగ్గర అరమీటరు పక్కకి పోతుంది. మీరే నోట్సులో వేసి చూడండి.

మరి ఎలా పనిచేస్తోంది? ఇందాక చెప్పిన గ్రేటింగ్ ఉన్నది అందుకే. హోలోగ్రాం ఒకవైపు వంచిన తప్పుని అది రెండోవైపు వంచి సరిచేస్తుంది. నాకు ఈ సైటులో అన్నిటికంటే ముచ్చటేసేది ఇదే. అయితే అద్దాలు, గ్రేటింగు, హోలోగ్రాం అన్నీ ఉన్నచోటు నుంచి కదలకుండా ఉంటేనే ఆ దిద్దుబాటు చెల్లుతుంది. 2015 నవంబరులో ఈఓటెక్, అప్పటి దాని యజమాని ఎల్-3 కంపెనీ అమెరికా ప్రభుత్వానికి 25.6 మిలియన్ డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. విపరీతమైన చలిలో, వేడిలో, తేమలో సైట్లు సరిగా పనిచెయ్యవని తెలిసీ చెప్పలేదన్నది అభియోగం. వేడికీ చలికీ గురి జరగడం అందులో ఒకటి.

హోలోగ్రాం నెగ్గే చోటు కూడా ఉంది. దాని ప్రతి ముక్కలోనూ బొమ్మంతా ఉంటుంది. కిటికీ సగం బురదతో నిండినా, పగిలినా, మిగిలిన గాజులోంచి గుర్తు మొత్తం కనపడుతుంది. ఇలా గాజు బయటికున్న రెడ్ డాట్‌లో ఒక్క బురద చుక్క ఎల్‌ఈడీ మీద పడితే ఆట ముగిసినట్టే. దగ్గర దూరంలో ఆ పెద్ద వలయం కంటికి చటుక్కున దొరకడం కూడా నిజమే.

ఒక ప్రచారం మాత్రం నమ్మకండి. సైటు వెనక మూడు రెట్లు పెద్దది చేసే భూతద్దం పెడితే రెడ్ డాట్ ఉబ్బి టార్గెట్‌ని కప్పేస్తుందంటారు. మూడు రెట్లు పెరిగేది చుక్క ఒక్కటే కాదు, టార్గెట్ కూడా. 2 ఎంఓఏ చుక్క కప్పే భాగం 2 ఎంఓఏనే.

చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలా, గీతలా కనపడితే కంపెనీని తిట్టే ముందు సైటుని మెల్లగా తిప్పండి. తోక సైటుతో తిరగకపోతే మీ కంట్లో ఆస్టిగ్మాటిజం (కంటి వంపులో తేడా) ఉంది, కళ్ల డాక్టరు దగ్గరకెళ్లండి. ఫోన్ కెమెరాలోంచి చూసినా తేలిపోతుంది. హోలోగ్రాం గుర్తు ఇసుక చల్లినట్టు గరుగ్గా కనపడితే అది జబ్బు కాదు, లేజరు కాంతి లక్షణం.

మెడల్స్ కోసం రైఫిల్ పట్టేవాళ్లు ఈ రెండూ మర్చిపోవచ్చు. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో వీటికి అనుమతి లేదు, చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటే. కాంపౌండ్ విల్లులో అయితే తాడులో పీప్ రంధ్రం, ముందు లెన్సు రెండూ ఉంటాయి. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిన మన ఊరి వెన్నం జ్యోతి సురేఖ గురి చూసేది అలాంటి విల్లుతోనే. మీలో ఆప్టిక్స్‌ని బతుకుతెరువు చేసుకోవాలనుకునేవాళ్లు మచిలీపట్నం వైపు చూడండి. 1926లో అక్కడ మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) తీసుకుంది. చీకట్లో చూసే పరికరాలు ఇప్పుడు అక్కడ తయారవుతున్నాయి.

ఏది మంచిదని అడుగుతారని తెలుసు. ఫిజిక్స్ మాస్టారిగా నా మనసు హోలోగ్రాం మీదే. మన ఎండలో, ఏళ్ల తరబడి బీరువాలో ఉండి తీసిన రోజున వెలగాలంటే మాత్రం రెడ్ డాటే తీసుకుంటాను.

చివరగా, ఎయిర్‌గన్ కోసం ఆన్‌లైన్లో కొనేవాళ్లకి. రెండు మూడు వేలకి ‘హోలోగ్రాఫిక్’ అని అమ్మేవి దాదాపు అన్నీ మామూలు ఎల్‌ఈడీ సైట్లే. గాజు వంపుగా ఉందా, ముందునుంచి చూస్తే మూలలో దీపం కనపడుతోందా, బిళ్ల బ్యాటరీ మీద వేల గంటలని రాశారా? అయితే అందులో హోలోగ్రాం లేదు, పెట్టె మీద పేరే ఉంది. ఈ సైటుని బల్ల మీద పెడుతున్నాను, వరసగా వచ్చి చూడండి. బ్యాటరీ మూత విప్పేవాళ్లు రబ్బరు రింగు జాగ్రత్త, కిందపడితే ఈ గచ్చు మీద దొరకదు.