దసరా సెలవుల్లో నీళ్లెవరు పోస్తారు?

శ్రోతలకు నమస్కారం. రోళ్లు పగిలే రోహిణి ఎండలు ఈ వారంతో సరి. జూన్ 7, 8 తేదీలకల్లా మిరుగం వచ్చేస్తుంది. పంచాంగంలో మృగశిర కార్తె అని ఉంటుంది, మన నోటికి మాత్రం అది మిరుగమే. ఆ రోజు సగం ఊరు చేపల కోసం బజారున పడితే, మా కాలనీ పిల్లలు గింజల డబ్బాలు పట్టుకుని మా గేటు ముందు నిలబడతారు. వాళ్లతో కలిసి నడుపుతున్న తోట గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను.

మాది హన్మకొండ. లేఅవుట్ వేసినప్పుడు పార్కు కోసమని వదిలిన జాగా ఒకటి మా ఇళ్ల మధ్యన ఉండేది. పార్కు కాలేదు. సర్కారు తుమ్మ, వయ్యారిభామ, ఇళ్లు కట్టగా మిగిలిన సిమెంటు పెళ్లలు, అందులో ఉన్నవి ఇవీ. నేను బడిలో సైన్సు చెప్పి రిటైరయిన దాన్ని, చేతులు ఊరుకోవు. కాలనీ సంఘం వాళ్లను అడిగి, ఓ మూలన రెండు గుంటల చోటు సాఫు చేయించి పిల్లల తోట మొదలుపెట్టాను.

మొదటి ఏడాది నేను చేసిన పని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. రిజిస్టరు పెట్టాను, హాజరు వేశాను, మడికొక బోర్డు రాయించాను. తోట కన్నా బోర్డులే బాగుండేవి. పెద్దవాళ్లను మాత్రం గేటు దగ్గరే ఆపేశాను. లోపలికొస్తే పిల్లల చేతిలోంచి పార లాక్కుని తామే తవ్వుతారని నా భయం. ఆ భయం ఉత్తదేం కాదు. అయినా తప్పు చేశానని దసరాకు తెలిసింది.

దసరా అంటే మన దగ్గర ఎట్లుంటుందో మీకు చెప్పాలా? పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలైందంటే సద్దులు, జమ్మి, అలాయ్ బలాయ్ అయిపోయేదాకా కాలనీలో మనిషి కనిపించడు. అందరికీ ఓ ఊరుంది. నర్సంపేట వాళ్లు నర్సంపేటకు, పరకాల వాళ్లు పరకాలకు, నేను జనగామ దగ్గర మా తమ్ముడింటికి. ఆ ఏడు వానలూ ముందే మొహం చాటేశాయి. తిరిగొచ్చి చూస్తే టమాట మొక్కలు మొదలంటా వాలిపోయి ఉన్నాయి. బెండకాయలు ముదిరి కట్టెలయ్యాయి. కంపలోంచి మేకలు దూరి పాలకూర మడిని నున్నగా చేసి పోయాయి. బీరకాయలు మూరెడు సాగి లోపల పీచు కట్టాయి. పిల్లలు ఏడ్చినా బాగుండేది. ఒక్కసారి చూసి, మాట్లాడకుండా సైకిళ్లెక్కి వెళ్లిపోయారు.

నేను ఆ బీరకాయలు తెంపి కుప్ప వేస్తుంటే పైనుంచి ఒక కేక. ఎదురింట్లో రెండో అంతస్తులో కొడుకు దగ్గర ఉండే అవ్వ. అప్పటిదాకా బాల్కనీలో కూర్చుని కనిపించడమే గానీ నాతో మాట్లాడింది లేదు.

"ఓ టీచరమ్మా, గవెందుకు తెంపుతున్నవ్? తీగ మీదనే ఉండనియ్యి. ఇత్తనం గాదా!"

మిగిలిన ఆరేడు కాయలు వదిలేశాను. దీపావళి దాటేసరికి అవి ఎండి, తేలికై, ఊపితే గలగలమన్నాయి. అవ్వ కిందికి దిగొచ్చి పిల్లలను పిలిచింది. కాయ కొసన ఉన్న చిన్న మూతను గోటితో ఊడదీసి, తలకిందులు చేసి అరచేతిలో కొట్టింది. నల్లటి గింజలు జలజలా రాలాయి. తొక్క ఒలిస్తే లోపల ఒళ్లు రుద్దుకునే పీచు. బీరకాయకు కొసన మూత ఉంటుందని, గింజ బయటికొచ్చే దారి అదేనని సైన్సు చెప్పిన నాకే తెలియదు. ఆ రోజు నుంచి పిల్లలు అనుమానమొస్తే నా దగ్గరికి రారు, బాల్కనీ వైపు చూసి అరుస్తారు.

తోట నడిపే తీరు అప్పుడు మార్చాం. ఇప్పుడు ఒక్క పిల్లవాడిని చేర్చుకోం, ఇంటిల్లిపాదినీ చేర్చుకుంటాం. ఆదివారం పొద్దున 7 గంటలకు పిల్లవాడితో పాటు ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు రావాలి. అమ్మానాన్నలే కానక్కర్లేదు. నన్నడిగితే తాతో నాయనమ్మో వస్తేనే మేలు. ఊళ్లో పొలం వదిలి, మనవల కోసం పట్నంలో ఉంటున్న వాళ్లు మన అపార్టుమెంట్లలో ఎంతమంది లేరు! వాళ్లకు విత్తు తెలుసు, వాన తెలుసు. పొద్దుపోవడమే తెలియదు. పార లాక్కునే విషయానికి వస్తే, అది నాన్నలకున్న జబ్బు. తాతలు కూర్చున్న చోటి నుంచే చెబుతారు.

నీళ్లకు వంతులున్నాయి, ఇంటికి వారంలో ఒక రోజు. దసరా లెక్క వేరు. ఎవరు ఊరికి పోవడం లేదో వినాయక చవితి నాడే అడిగి రాసుకుంటాం. మోకాళ్ల నొప్పులనో, డ్యూటీ ఉందనో ఓ మూడిళ్ల వాళ్లు కాలనీలోనే ఉండిపోతారు, నీళ్లు వాళ్ల పూచీ. పోయేవాళ్లు పోయే ముందు మొదళ్లలో వరిగడ్డి దట్టంగా పరిచి పోవాలి, తడి తొందరగా ఆరదు. వచ్చేటప్పుడు ఉన్నవాళ్లకు మలీద ముద్దలు తేవాలి. ఇది ఎక్కడా రాసుకోలేదు, ఎగ్గొట్టినవాళ్లూ లేరు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మెంతులతో మొదలుపెట్టండి. మూడో నాలుగో రోజుకు మొలక కనిపిస్తుంది, నెల తిరక్కుండా కూర వండుకోవచ్చు. పిల్లల ఓపిక అంతే. ఆ తర్వాత తోటకూర, 40, 45 రోజులకొచ్చే ముల్లంగి, బెండ. ధనియాలు మాత్రం చెప్పుతోనో రాయితోనో రుద్ది రెండు బద్దలు చేసి చల్లండి, అప్పటికీ మొలవడానికి వారం పది రోజులు తీసుకుంటాయి. టమాట, వంకాయ, మిరప నారు పోసి నాటాల్సినవి, మొదటి ఏడు వాటి జోలికి పోవద్దు. మేం మూడో ఏడు చపాట మిరప పెట్టాం. మన వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి వినే ఉంటారు. లావుగా, ఎర్రగా, టమాటను తలపిస్తుంది. ఒక బుడ్డోడు టమాటే అనుకుని కొరికాడు. కారం తక్కువ రకం కాబట్టి బతికాడు.

తోటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వేళ పొద్దుగూకే వేళ. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. అనపపువ్వూ, అదే సొరపువ్వూ అంతే, చీకట్లో తెల్లగా మెరుస్తుంది. గుమ్మడిది మాత్రం తెల్లవారుజాము, ఎండెక్కితే ముడుచుకుపోతుంది. వీటన్నిటికీ మగపూలు వేరు, ఆడపూలు వేరు. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడ. సాధారణంగా ముందు మగపూలే వస్తాయి, అవి రాలితే పూత నిలవడం లేదని కంగారు పడతాం. ఇళ్ల మధ్య తోటకు తేనెటీగలు తక్కువ, అందుకని పిందెలు పసుపుపచ్చగా మారి రాలిపోతుంటాయి. అప్పుడు మగపువ్వును తెంపి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యన అద్దాలి. మగ, ఆడ అనగానే ఏడో తరగతి వాళ్లు కిసుక్కున నవ్వారు. అయిదో తరగతి పిల్ల ఒకతె నవ్వలేదు. తాను అద్దిన ప్రతి పువ్వు కాడకూ ఎర్ర దారం కట్టింది. ఏడు దారాలు. అయిదు కాయలు నిలిచాయి. పుప్పొడి పాఠం నేను ఎన్నో ఏళ్లు చెప్పాను, ఒక్కసారీ దారం కట్టించలేదు.

గొడవలూ ఉన్నాయి. వ్యవసాయం చేసిన తాతకు గునుగు కలుపు. కనిపిస్తే పీకేస్తాడు. ఆడపిల్లలకు అది బతుకమ్మ. "తాతా, ముట్టుకుంటే నీతో మాట్లాడం" అన్నారు. చివరికి కంచె వెంబడి ఒక సాలు గునుగుకు వదిలేశాం, పక్కన జులైలో బంతి విత్తాం. బంతి వేళ్లు నేలలోని నులిపురుగులను తగ్గిస్తాయని నేను చెబితే తాత ఒప్పుకున్నాడు. గునుగు వల్ల ఏం లాభమో ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు.

కోతులకు మందు మా దగ్గరా లేదు. టమాట, జామ పిందె మిగలనివ్వవు. కాకర, పుంటికూర, మిరప జోలికి మా దగ్గర పెద్దగా రావు, కాబట్టి రోడ్డు వైపు అవే వేస్తాం. పేనుబంకకు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు, ఎండ తగ్గాక కొట్టాలి. నీళ్ల డ్రమ్ము విషయంలో మాత్రం మొహమాటం వద్దు. వారానికోసారి ఖాళీ చేసి, రుద్ది కడిగి, పైన గుడ్డ కట్టండి. డెంగీ దోమ పెరగడానికి మంచినీళ్ల డ్రమ్ము చాలు.

ఒక నాన్న నన్ను అడిగాడు, "మేడం, పావుకిలో బెండకాయలకు ఇంత తిప్పలా? బజార్ల కొంటే అయిపోదా?" అని. అయిపోతుంది. లెక్క వేస్తే మా బెండకాయ వరంగల్‌లోకెల్లా ఖరీదైన బెండకాయ. ఆయన ఇప్పటికీ ఆ మాట అంటాడు, తన వంతు నాడు మాత్రం నాకన్నా ముందే వచ్చి నీళ్లు పెడతాడు.

మొన్న అవ్వ ఇచ్చిన గింజలు డబ్బాలోంచి తీశాం. ఆ బీరవే, ఏటేటా దాచుకుంటూ వస్తున్నవి. నాటు రకం కాబట్టి దాచుకుంటే మళ్లీ అదే కాయ వస్తుంది. సంకర విత్తనమైతే ఆ నమ్మకం లేదు. ఆదివారం విత్తాలంటే శనివారం రాత్రి నీళ్లలో నానబెట్టాలి. ఎవరింట్లో నానబెట్టాలన్న దాని మీద ఇద్దరు పిల్లలకు ఇంకా తెగలేదు. నేను ఇంటికి చేరేలోపు అవ్వ తీర్పు చెప్పే ఉంటుంది. సెలవు.